గోడపొయ్యికి ముల్తానీ మట్టి

2 జూలై 2000, ఆదివారం

అఖ్తర్ జకార్తా వెళ్ళాడు. మూడు వారాలు రాడు. అక్కడి బ్యాంకుకు ఏదో సాఫ్ట్‌వేర్ ఎక్కించాలట. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నిలబడి గ్యాసు కట్టెయ్యి, తలుపు గొళ్ళెం పెట్టు, జారాకు చాక్లెట్లు ఇవ్వకు అని పాత పాటే పాడాడు. అన్నిటికీ తల ఊపాను. ఆఖరున వేలు చూపించి మరీ చెప్పింది మాత్రం హాల్లో ఉన్న గోడపొయ్యి గురించి.

"దాని జోలికి పోకు సాలెహా. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు మేడమ్ గో పెట్టిన షరతు అదొక్కటే."

నేనెందుకు పోతాను.

డైరీ తెలుగులో రాయడంలో ఉన్న సుఖం ఏమిటంటే, ఈ ఇంట్లో తెలుగు చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. మా ఆయన అఖ్తర్ హైదరాబాదువాడు. తెలుగు గడగడా మాట్లాడతాడు గానీ అక్షరం ముక్క రాదు. మా అమ్మాయి జారాకు ఎనిమిదేళ్ళు, దానికి ఇంగ్లీషు తప్ప ఏదీ భాష కాదు. నేను కర్నూల్లో తెలుగు మీడియంలో చదువుకున్నదాన్ని. ఈ పుస్తకం టీవీ మీద తెరిచి పెట్టినా నాకు భయం లేదు. ఇందులో జారాచేత తప్ప అందరిచేతా తెలుగే మాట్లాడిస్తాను, వాళ్ళు ఉర్దూలో తిట్టినా ఇంగ్లీషులో తిట్టినా.

పొయ్యి సంగతికి వస్తే, సింగపూర్లో ఇంటికి గోడపొయ్యి ఉండటమే ఒక విడ్డూరం. బయట అడుగుపెడితే బట్టలు వంటికి అతుక్కుపోయే ఊళ్ళో చలి కాచుకోవడానికి రాతిపొయ్యి. మేడమ్ గో వాళ్ళాయన పాసిర్ పంజాంగ్‌లో ఈ ఇల్లు కట్టించినప్పుడు పెట్టించాడట. ఆయన స్కాట్లండులో ఇంజనీరింగ్ చదివాడట. రాళ్ళు కూడా అక్కడినుంచే ఓడలో తెప్పించాడట. తేనె రంగు రాళ్ళు, నా నడుమెత్తు గూడు, పైన పొగగొట్టం. ఆయన పోయి ఆరేళ్ళయింది. గూడు ఖాళీగా నోరు తెరుచుకుని ఉంటుంది.

మేడమ్ గో కంటే ముందు మేం ఫోన్ చేసిన ఇళ్ళవాళ్ళందరూ అఖ్తర్ పేరు వినగానే మసాలా వాసన పడదన్నారు. లేకపోతే ఇల్లు ఇప్పుడే పోయిందన్నారు. ఈవిడ మాత్రం, "వండుకోండి, తినండి. పొయ్యిని ముట్టుకోవద్దు. అది ఎలా ఉందో అలాగే ఉండాలి" అంది. ఏడాది గడిచింది. నెలాఖరుకు అగ్రిమెంటు అయిపోతుంది. ఆవిడ మళ్ళీ సంతకం పెట్టకపోతే మేం బూన్ లే పేటకి, మొహ్సిన్ భాయ్ ఫ్లాట్‌లో వెనక గదికి వెళ్ళిపోవాలి. మొహ్సిన్ భాయ్ మా బావగారు. చాలా మంచివారు. ఆయన భార్య ఆమ్నా భాభీ గురించి ఇక్కడ రాయను. డైరీ కొత్తది, ఇది మొదటి పేజీ.

5 జూలై

పొయ్యి జోలికి పోలేదు. దుమ్ము తుడుస్తూ లోపలికి తొంగి చూశానంతే. ఎడమ పక్క గోడ మీద పాత మసి ఉంది. చెయ్యంత వెడల్పున పైదాకా పాకింది. మాకు ముందు అద్దెకున్నవాళ్ళు ఎవరో ముట్టించి ఉంటారు. వాళ్ళు ముట్టించారు, వాళ్ళనెవరూ ఏమీ అనలేదు. ఊరికే రాసిపెడుతున్నాను.

7 జూలై, శుక్రవారం

ఆమ్నా భాభీ ఫోన్ చేసింది.

"ఆయితారం మేమొస్తున్నం. ఏం చెయ్యకు సాలెహా, నీకు కష్టమైతది. నేనే బిర్యానీ పట్టుకొస్త."

కష్టమట. ఆ ఇంట్లో రెండేళ్ళు ఉన్నాను. గ్యాసు పొయ్యి మీద వెనక ఉన్న చిన్న బర్నరు నాది. ఫ్రిజ్‌లో అట్టడుగు అర నాది. నేను ఉల్లిపాయలు వేయిస్తుంటే వెనక నిలబడి "ఇంకొంచెం, ఇంకొంచెం" అనేది. మాడాక "అయ్యో" అనేది. ఇప్పుడు నా ఇంటికి వచ్చి, నా బల్ల మీద తన బిర్యానీ పెట్టి, నాకే వడ్డిస్తుందట.

"నేను పత్థర్ కా గోష్త్ చేస్తాండా భాభీ" అన్నాను. అన్నాక నోరు జారిందని తెలిసింది.



"రాయి మీదనా? బొగ్గుల మీద రాయి పెట్టి? ఇంట్ల ఎట్ల చేస్తవ్?"

"మా ఇంట్లో పొయ్యి ఉంది కదా."

రాయి ఎలాగూ ఉంది. మా అమ్మ పోయినసారి వచ్చినప్పుడు సూట్‌కేసులో చీరల మధ్య పెట్టి తెచ్చిన నల్లరాయి. ఎయిర్‌పోర్టులో ఇదేమిటని అడిగితే "రాయి, నాయనా" అని తెలుగులో చెప్పి వచ్చేసిందట. ఏడాదిగా మా మంచం కింద పడి ఉంది. ఎదురుగా గూడు ఖాళీ, మంచం కింద రాయి ఖాళీ. హైదరాబాదువాళ్ళ కోడల్ని, ఆ రెండూ చూస్తూ ఎన్నాళ్ళు ఊరుకుంటాను.

9 జూలై, ఆదివారం

మాంసం అద్భుతం. ముందు అది రాసుకోవాలి. తర్వాత జరిగినదానివల్ల అది మరుగున పడకూడదు.

లిటిల్ ఇండియాలో ఎముకలేని మేకమాంసం పల్చగా కొట్టించాను. పచ్చి బొప్పాయి, అల్లం వెల్లుల్లి, మిరియాలు పట్టించి నానబెట్టాను. గూట్లో ఇటుకలు పేర్చి, బొగ్గులు పోసి, అమ్మ రాయి పైన పెట్టాను. రాయి కాలాక ముక్క వేస్తే చుయ్యిమంది. ఏ కంపెనీ షేరు ఎంత పెరిగిందో చెబుతున్న మొహ్సిన్ భాయ్ మాట మధ్యలో ఆపేసి, పళ్ళెం పట్టుకుని పొయ్యి ముందు చతికిలబడ్డారు. ఆమ్నా భాభీ మళ్ళీ మళ్ళీ వేయించుకుంది. "ఉప్పు ఇంకొంచెం పడాలె" అంది. ఖాళీ పళ్ళెం చేత్తో పట్టుకుని అంది.

అక్కడితో ఆపి ఉంటే నేను గెలిచినట్టే. కొవ్వు కారి పొగ లేస్తోంది. మంట పెద్దదైతే పొగ పైకి పోతుందని నాకు తోచింది. శనివారం పేపరు తెచ్చి కింద దూర్చాను. ఈమధ్య ఆ పేపర్లో కంప్యూటర్ ఉద్యోగాల ప్రకటనలే దిండు మందాన ఉంటున్నాయి. జావా వచ్చినవాళ్ళు కావాలి, ఒరాకిల్ వచ్చినవాళ్ళు కావాలి, వెంటనే చేరాలి. అన్నీ ఒక్కసారి భగ్గుమన్నాయి. పొగ మాత్రం పైకి పోలేదు. పైన ఎవరో గొట్టం మూసేశారు. అది నాకెలా తెలుస్తుంది? పొగంతా వెనక్కి తిరిగి హాల్లోకి వచ్చింది. పళ్ళేలతో సహా అందరం వాకిట్లోకి పరుగెత్తాం. జారా దగ్గుతూనే నవ్వుతోంది.

పొగ తగ్గాక లోపలికి వెళ్ళి చూశాం. గూడు లోపలా, పైనా, పక్కలా రాళ్ళన్నీ నల్లగా అయిపోయాయి. తేనె రంగు ఎక్కడా లేదు.

ఆమ్నా భాభీ దుపట్టాతో ముక్కు మూసుకుని చాలాసేపు చూసింది. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యిలో ఉన్న ప్రేమ నాకు నచ్చలేదు.

"ఫికర్ చెయ్యకు. మా వెనక గది ఖాళీగనే ఉంది" అంది.

10 జూలై

తప్పు అఖ్తర్‌ది. పొగగొట్టం మూసి ఉందో లేదో ఇంటి మగవాడు చూసుకోవాలి.

జారా బడికి పోగానే బకెట్టు నీళ్ళు, గిన్నెల సబ్బు, కొబ్బరిపీచు పట్టుకుని కూర్చున్నాను. ఒక్క గంటలో తేల్చేద్దామనుకున్నాను. నీళ్ళు పడగానే మసి సిరాలా కారింది. రుద్దినకొద్దీ రాయి తాగేసింది. పొద్దున మసి రాయి మీద ఉండేది, ఇప్పుడు రాయి లోపల ఉంది. ముందు పొడి కుంచెతో దులపాలని, తడి తగలనివ్వకూడదని ఇప్పుడు అర్థమైంది. అర్థమై లాభమేముంది.

పనిమనిషిని పిలిస్తే మేడమ్ గోకు చేరిపోతుంది. శుభ్రం చేసే కంపెనీవాళ్ళను పిలిస్తే అఖ్తర్‌కు చేరిపోతుంది. నేనే చేసుకోవాలి.

11 జూలై

జారా సాయంత్రం నా ముందు నిలబడి చేతులు కట్టుకుంది.

"అమ్మీ, యూ సో డెడ్ లా."

"డాడీకి చెప్పొద్దు."

"కెన్." ఈ ఊరి ఇంగ్లీషులో సరేనని. "బట్ శనివారం ఆమ్నా ఆంటీ దగ్గర ఉర్దూ క్లాసు, ఐ డోంట్ వాంట్ టు గో."

ఒప్పుకున్నాను. పోతూ పోతూ తలుపు దగ్గర ఆగింది. ఇప్పుడు పిల్లలందరూ కాలితో తోసుకుంటూ తిరిగే స్కూటరు కూడా అడగాలేమో ఆలోచిస్తానని చెప్పింది. ఇది వాళ్ళ నాన్న పోలిక కాదు. నా పోలికే.

12 జూలై

పొడి కుంచెతో దులిపాను. కొంత రాలింది.

చింతపండు రాశాను. రాసినచోట రాయి సన్నగా నురగ కక్కి పిండిలా రాలింది. చింతపండు ఇత్తడికి గానీ రాయికి కాదు. వెంటనే కడిగేశాను. పళ్ళపేస్టు రాస్తే పుదీనా వాసన వచ్చింది, మసి మాత్రం ఉన్నచోటే ఉంది. శనగపిండి రాస్తే చీమలు వచ్చాయి.

చపాతీ పిండి ముద్ద చేసి అద్దితే పైపైన ఉన్న మసి అంటుకుని వచ్చింది. మొత్తం డబ్బాలో పిండి అయిపోయింది. ఇవాళ చపాతీలు లేవు. జారా నూడుల్స్ అడిగింది. అడిగిన పద్ధతి చూస్తే అది అడగడం కాదు.

13 జూలై

అఖ్తర్ ఫోన్.

"అంతా మంచిగుందా?"

"బాగుంది."

"జారా?"

"బాగుంది."

"పొయ్యి?"

"పొయ్యి సంగతి ఎందుకు అడుగుతాన్నారు?"

"ఏం లేదు, ఊరికెనే."

ఊరికే ఎవరైనా పొయ్యి యోగక్షేమాలు అడుగుతారా? ఆమ్నా భాభీ చెప్పి ఉండదు. చెబితే అతను ఈపాటికి విమానంలో ఉండేవాడు. ఆవిడ తొందరపడదు. నేను సామాను సర్దుకుని వచ్చేదాకా ఆగగలదు.

15 జూలై

మేడమ్ గో ఫోన్ చేసింది. ఇరవై మూడున, ఆదివారం, వస్తుందట. "టీ తాగుతాను. ఇల్లు చూసి చాలా రోజులైంది. కాగితాల సంగతి కూడా మాట్లాడుకుందాం."

16 జూలై

కొంప మునిగింది.

17 జూలై

మనసు బాగా లేనప్పుడు ముఖానికి ముల్తానీ మట్టి పెట్టుకోవడం నాకు పెళ్ళికి ముందునుంచీ అలవాటు. ఏడ్చి ముఖం పాడుచేసుకునే బదులు ఇది మేలు. గులాబీనీళ్ళలో కలిపి పట్టించుకుని, పొయ్యికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నేనూ అదీ ఒకరినొకరం చూసుకున్నాం.

మట్టి ఆరుతూ ఆరుతూ చర్మాన్ని బిగబట్టి లాగింది. ముక్కు పక్కల జిడ్డంతా పైకి లాగేస్తుందని మా అమ్మ అనేది. అక్కడ ఆగిపోయాను. జిడ్డును లాగేది మసిని లాగదా?

గిన్నెలో మిగిలిన మట్టి తీసి ఒక రాయికి పట్టించాను. మధ్యాహ్నానికి ఎండి పగిలింది. గోటితో గీకితే పెళ్ళ ఊడి వచ్చింది. పెళ్ళ నల్లగా ఉంది. కింద రాయి తేనె రంగులో ఉంది.

యా అల్లా, నేను తెలివిగలదాన్ని.

18 జూలై

సెరంగూన్ రోడ్డు షాపులో ముల్తానీ మట్టి ఉన్నంతా ఇమ్మన్నాను. షాపతను తమిళాయన. అరల్లోంచి దించుతూ దించుతూ ఆగాడు.

"ఇంత దేనికి అక్కా? ఇంట్లో కల్యాణమా?"

"లేదు. ముఖం కొంచెం పెద్దది."

నా ముఖం వంక చూసి, మర్యాదగా చూపు తిప్పుకున్నాడు.

19 జూలై

బకెట్టులో మట్టి, కొంచెం చాకలిసోడా, ఇడ్లీపిండి అంత గట్టిగా. మోచేతులదాకా మట్టితో, మందంగా పట్టించాను. తొందరగా ఆరకుండా పైన పల్చని ప్లాస్టిక్ కాగితం కప్పాను. నెమ్మదిగా ఆరితేనే లోపలిది లాగుతుంది. ఇది నేను కనిపెట్టిందే.

మధ్యాహ్నం నిద్ర లేచి హాల్లోకి వస్తే పొయ్యికి రెండు కళ్ళున్నాయి. జారా మట్టి మీద రెండు కీరా ముక్కలు అంటించింది. "ఫేషియల్ మస్ట్ హావ్ కుకుంబర్, అమ్మీ." తిడదామనుకున్నాను గానీ నవ్వు ఆగలేదు. చాలా రోజులకు ఇద్దరం నేలమీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాం. స్కూటరు కొనిపెడతానని నోరు జారి మాట ఇచ్చేశాను.

20 జూలై

అయిపోయింది. కుడి పక్కా, పైనా ఊడిన పెళ్ళలు వాకిట్లో కాలువలో పోశాను. కాలువంతా నల్లగా పారింది. పక్కింటి తోటమాలి నన్నూ కాలువనూ మార్చి మార్చి చూశాడు. అందుకని ఎడమ పక్క పెళ్ళల్ని బిస్కెట్ల డబ్బాలో నింపి బీరువా మీద దాచాను. చెత్తబుట్టలో వేస్తే అఖ్తర్ చూస్తాడు. అతను చెత్తబుట్టను కూడా తనిఖీ చేసే మనిషి.

ఎడమ గోడ మీద ఉన్న పాత మసి చాలా గట్టిది. ఒక పూతకు లొంగలేదు. మళ్ళీ పట్టించాను. అది మా మసి కాదు, నా పని కాదు. అయినా ఒక పక్క మెరుస్తూ, ఒక పక్క నల్లగా ఉంటే ఏం బాగుంటుంది? ఆ పెళ్ళలు బొగ్గుల్లా వచ్చాయి. ఇప్పుడు గూడు ఈ మూల నుంచి ఆ మూల దాకా తేనె రంగు. మేడమ్ గో ఇచ్చినదానికన్నా బాగుంది. ఆవిడ నాకు దండ వెయ్యాలి.

21 జూలై

అఖ్తర్ వచ్చాడు. చెప్పులు విప్పుతూ ముక్కు ఎగబీల్చాడు.

"ఇంట్ల వాన వాసనొస్తుంది. మన దిక్కు తొలకరి పడ్డట్టు."

మట్టి వాసన. సంతోషపడ్డాడు. నేనూ సంతోషపడ్డాను. జారా స్కూటరు మీద హాల్లో రౌండ్లు కొడుతోంది. అది ఎక్కడినుంచి వచ్చిందని అఖ్తర్ అడిగాడు. ఇద్దరం ఒకేసారి "సేల్" అన్నాం.

23 జూలై, ఆదివారం

మేడమ్ గో వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, పొట్టి జుట్టు, పూల చొక్కా, చేతిలో కమలాపళ్ళ సంచి. నేను సమోసాలు చేశాను. అఖ్తర్ టై కట్టుకున్నాడు.

ఆవిడ కుర్చీ వైపు కూడా చూడలేదు. సరాసరి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. నేను వెనకే నిలబడి, పొగడ్త కోసం ముఖం సిద్ధం చేసుకున్నాను. ఆవిడ వంగి లోపలికి చెయ్యి పెట్టింది. ఎడమ గోడ మీద అరచేయి ఆనించి, కిందినుంచి పైదాకా తడిమింది.

"ఇక్కడ నల్లగా ఉండేది" అంది.

"తుడిచేశాను ఆంటీ. మొత్తం నేనే, నా చేత్తో."

జారా ఊరుకోదు కదా. "అమ్మీ పుట్ ఫేస్ మాస్క్, ఆంటీ. విత్ కుకుంబర్."

మేడమ్ గో నవ్వలేదు. పొయ్యి గట్టు మీద కూర్చుంది.

"డిసెంబరు వానలు మొదలవగానే మా ఆయన ఫ్యాన్లన్నీ వేసేవాడు" అంది. "స్వెటర్ తొడుక్కుని ఇక్కడ మంట వేసుకుని కూర్చునేవాడు. అతనికి స్కాట్లండు మీద బెంగ. పిచ్చివాడివి అనేదాన్ని. ఎప్పుడూ ఎడమ పక్కనే వేసేవాడు, నా కుర్చీ అటువైపు ఉండేది కాబట్టి. అతను పోయాక రాళ్ళు కడిగిస్తానన్నాడు మా అబ్బాయి. వద్దన్నాను. అది అతని మసి."

టీ చల్లారింది. అఖ్తర్ నా వంక చూశాడు. ఏం జరిగిందో పూర్తిగా తెలియకపోయినా, చేసింది ఎవరో అతనికి తెలిసిపోయింది.

మేడమ్ గో లేచి జారా తల నిమిరింది. "కాగితాల సంగతి మా అబ్బాయితో మాట్లాడి చెబుతాను" అని వెళ్ళిపోయింది. కమలాపళ్ళు మాత్రం వదిలి వెళ్ళింది. తిట్టి ఉంటే బాగుండేది.

అఖ్తర్‌కు అంతా చెప్పాను. రాయి, మాంసం, పేపరు, పొగ, చింతపండు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"ముట్టుకోవద్దు అన్నది కదా సాలెహా."

"మురికి చెయ్యొద్దు అంటాందని అనుకున్నా."

24 జూలై

అఖ్తర్ ఆఫీసునుంచి వస్తూ ఖాళీ అట్టపెట్టెలు పట్టుకొచ్చాడు. కంప్యూటర్లు వచ్చిన పెట్టెలట.

25 జూలై

ఆమ్నా భాభీ ఫోన్. వెనక గదికి కొత్త కర్టెన్లు కుట్టిస్తోందట. ఏ రంగు కావాలని అడిగింది. పచ్చ అన్నాను. పచ్చరంగంటే నాకు పడదు. ఏమనాలో తెలియలేదు.

ఆ గదిలో ఉన్నన్నాళ్ళూ నేను ఒక్కరోజు కూడా పాట పాడుకోలేదు. ఇక్కడ అంట్లు తోముతూ పాడతాను.

26 జూలై

బీరువా మీద ఉన్న పెట్టెలు దించుతుంటే బిస్కెట్ల డబ్బా చేతికి తగిలింది. మూత తీసి చూశాను. మూత పెట్టి మంచం మీద కూర్చున్నాను.

27 జూలై, గురువారం

డబ్బా ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కి కాటాంగ్ వెళ్ళాను. అఖ్తర్‌కు చెప్పలేదు. మేడమ్ గో అక్కడ కొడుకు ఇంట్లో ఉంటుంది. బస్సులో చాలా భయం వేసింది. ఇల్లు పోతుందని కాదు అని రాద్దామనుకున్నాను. ఇల్లు పోతుందనే. కానీ అదొక్కటే కాదు. ఆవిడ అరచేత్తో గోడ తడిమింది, అది కళ్ళముందునుంచి పోవడం లేదు.

తలుపు ఆవిడే తీసింది. డబ్బా చూసి, "బిస్కెట్లు నాకు పడవు, షుగరు" అంది.

"బిస్కెట్లు కాదు ఆంటీ. మీ ఆయన మసి."

చెప్పాక ఎంత ఘోరంగా ఉందో నాకే వినిపించింది. ఆవిడ మూత తీసింది. లోపల నల్లటి మట్టి పెళ్ళలు. నేను గబగబా చెప్పుకుపోయాను. మట్టి మసిని లాగుతుందని, లాగింది ఎక్కడికీ పోదని, మట్టిలోనే ఉంటుందని, ఇవి ఎడమ పక్కవని, కుడి పక్కవి కాలువలో పోశానని, అవి మావేనని.

"ఇందులో మీది ఎంత?"

"పైపైన కొంచెం. మిగతాది ఆయనదే. మీ ఆయన మసి చాలా గట్టిది ఆంటీ, ఒక పట్టాన రాలేదు."

"మొండివాడు" అంది ఆవిడ. ఒక పెళ్ళ తీసి వాసన చూసింది. "మిరియాల వాసన వస్తోంది."

"అది మాది."

అప్పుడు నవ్వింది. చిన్నగా మొదలుపెట్టి ఆపుకోలేకపోయింది. కళ్ళు తుడుచుకుంటూ, "నిజంగానే కీరా ముక్కలు పెట్టారా?" అని అడిగింది. కళ్ళలో నీళ్ళు నవ్వు వల్లనే వచ్చాయని నేను అనుకోలేదు. నాకూ వచ్చాయి. క్షమించమని అడిగాను. నా జీవితంలో అంత సూటిగా ఎవరినీ అడగలేదు.

ఏం వండావని అడిగింది. చెప్పాను. రాయి సూట్‌కేసులో ఎలా వచ్చిందో కూడా చెప్పాను.

"మా ఆయన చిలగడదుంపలు కాల్చేవాడు. ఎప్పుడూ మాడ్చేవాడు. గొట్టం మూయించింది మా అబ్బాయి, మైనాలు గూడు పెడుతున్నాయని" అంది. డబ్బాకు మూత పెట్టి, "ఆదివారం వస్తాం. బొగ్గులు తెప్పించు" అంది.

సంతకం మాట ఆవిడ ఎత్తలేదు. నేను అడగలేదు, ధైర్యం లేక.

28 జూలై

అఖ్తర్‌తో చెప్పాను. పొయ్యిలో మళ్ళీ మంట వెయ్యమందని చెబితే నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం ఉందేమో చూశాడు. అట్టపెట్టెలు అలాగే ఉన్నాయి. సగం నిండాయి.

ఆమ్నా భాభీని కూడా ఆదివారం రమ్మన్నాను. ఎందుకో డైరీకి చెప్పాల్సిన పని లేదు.

30 జూలై, ఆదివారం

మేడమ్ గో కొడుకు నిచ్చెన వేసుకుని పైకెక్కి గొట్టానికి కొట్టిన చెక్క ఊడదీశాడు. గడ్డీ, ఈకలూ, పాత మైనా గూడు ఒకటి కింద పడ్డాయి. వాటితోపాటు ఒక సబ్బుబిళ్ళ పడింది. ఆ సబ్బు పైకి ఎలా వెళ్ళిందో ఎవరికీ తెలియదు.

మేడమ్ గో ఇంట్లో ఫ్యాన్లన్నీ వేయించింది. సంచిలోంచి మగవాళ్ళ బూడిదరంగు స్వెటర్ తీసి తొడుక్కుంది. దాని చేతులు ఆవిడ వేళ్ళు దాటి కిందికి వేలాడుతున్నాయి. చెమట కారిపోతున్నా విప్పలేదు. ఎడమ పక్క కుర్చీ వేయించుకుని కూర్చుంది.

మంట వేసేముందు బిస్కెట్ల డబ్బా తెరిచి ఒక పెళ్ళను అరచేతిలో నలిపింది. ఎడమ గోడకు రుద్దింది. సగం రాలిపోయింది, సగం అంటుకుంది. అందరం నోరు మూసుకుని నిలబడ్డాం, జారాతో సహా.

తర్వాత నేను మంట వేశాను. ఎడమ పక్కనే వేశాను. పొగ బుద్ధిగా పైకి పోయింది. అమ్మ రాయి కాలింది. మేడమ్ గో మొదటి ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. రెండో ముక్క తనే తీసుకుంది. ఆవిడ తెచ్చిన చిలగడదుంపలు బొగ్గుల్లో పెట్టాను. మరిచిపోయాను, మాడిపోయాయి. అవే కావాలని తీసుకుని తిన్నది.

చీకటి పడేసరికి ఎడమ గోడ మీద చూపుడువేలంత నల్లటి చార పాకింది. ఆమ్నా భాభీకి శుభ్రం ఎక్కువ. చేతిలో కాగితపు తువ్వాలు తీసుకుని, "సాలెహా, ఇప్పుడే తుడిస్తె పోతది" అంటూ గూట్లోకి వంగింది.

"ముట్టుకోవద్దు" అంది మేడమ్ గో.

భాభీ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆ మాట నాకు కాకుండా వేరేవాళ్ళకు పడటం ఎంత బాగుందో రాయడానికి ఈ పేజీ చాలదు.

మేడమ్ గో కళ్ళజోడు పెట్టుకుని ఆ చారను దగ్గరగా చూసింది. పెదవి విరిచింది.

"ఇది ఏ మూలకు? అతని నలుపు రావడానికి ఇరవై డిసెంబర్లు పట్టింది" అంది. స్వెటర్ చేతులు పైకి మడుచుకుంటూ అఖ్తర్ వైపు తిరిగింది. "మీరు ఎన్నాళ్ళు ఉంటారు?"

అఖ్తర్ చేతిలో పళ్ళెం ఉంది. పళ్ళెం వంకా, నా వంకా, పక్క గదిలో సగం నిండిన అట్టపెట్టెల వంకా చూశాడు.

"మీరు ఎన్ని రోజులంటె అన్ని రోజులు ఆంటీ."

నేను భాభీ పళ్ళెంలో ఇంకో నాలుగు ముక్కలు వేశాను.

"భాభీ, ఆ వెనక గది ఇంక ఎవరికైనా ఇచ్చేయండి. పచ్చ కర్టెన్లతో సహా."

ఆవిడ నోటినిండా మాంసం ఉంది. ఉప్పు సంగతి కూడా ఎత్తలేకపోయింది.